తాడుకు ఇవతల

“ఆ సంచి కింద పెట్టండి,” అంది అతని భార్య.

గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి బాగుండేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె కోపం వస్తే ఏం చెయ్యాలో నేర్చుకున్నాడు గాని, ఇలా నిదానంగా మాట్లాడితే ఏం చెయ్యాలో ఇంకా నేర్చుకోలేదు.

సంచిలో రేపటి సామాను ఉంది. కాలివేళ్ళకు చుట్టే పట్టీలు, ఇంకో రెండు జతల మేజోళ్ళు, ఉప్పు చల్లిన ఉడకేసిన బంగాళాదుంపలు, కింద బేకరీలో పొద్దున్నే తన చేత్తో కాల్చిన చిన్న బన్నులు. కొండల్లో ఎనభై కిలోమీటర్ల పరుగు పందెం. పరిగెత్తేది ఆమె. సంచి సర్దేది ఎప్పుడూ అతనే.

“దుంపలు చల్లారలేదు, అందుకని మూత వెయ్యకుండా...”

“దుంపల సంగతి కాదు. రేపు తమరు రావడం లేదు.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని తల్లి అడుగు వెనక్కి వేసింది. కోడలు మొగుణ్ణి ‘మీరు’ అన్నంతవరకు ఆ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు. ‘తమరు’ దాకా వెళ్ళిందంటే కిటికీలు మూసుకోవడం మంచిదని ఆవిడ ఎప్పుడో గ్రహించింది.

“నేను రాకపోతే ఎలా? మజిలీల్లో నీకు ఎవరు...”

ఆమె బల్ల మీది కవరు చింపి పసుపుపచ్చ గుడ్డపట్టీ ఒకటి బయటికి తీసింది. సహాయకులు చేతికి కట్టుకునే పట్టీ. దారి మధ్యలో మూడు చోట్ల మజిలీలు ఉంటాయి. అక్కడ కట్టిన తాడు దాటి లోపలికి పోవాలంటే చేతికి ఆ పట్టీ ఉండాలి. ఒక్కో మనిషికి ఒక్క సహాయకుడే. మిగతావాళ్ళు తాడుకు ఇవతల నిలబడి చప్పట్లు కొట్టుకోవలసిందే.

“ఈ ఏడు అత్తయ్య పేరు రాయించాను,” అందామె.

“అమ్మ పేరా?”

“నా పేరా?”

తల్లీ కొడుకుల గొంతులు ఒకేసారి లేచాయి.

“నీకేమన్నా మతి పోయిందా?” అంటూ గుమ్మం దాటి వచ్చింది పెద్దావిడ. ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసి దిగిపోయి చాలాకాలమైనా, వీధి వీధంతా ఆవిణ్ణి ఇంకా ‘పెద్ద సిస్టర్’ అనే పిలుస్తుంది. “ఎవరూ తరమకుండా పరిగెత్తడం ఏంటని నేను మొదట్నించీ అడుగుతూనే ఉన్నా. మా రోజుల్లో అలాంటివాళ్ళని వేరే వార్డులో పెట్టేవాళ్ళం.”

“అందుకేనత్తయ్యా మీ పేరు రాయించింది.”

“నేను చేసిన తప్పేంటో చెప్పు,” అన్నాడతను.

“చెప్పాలా? పోయినేడు మూడో మజిలీలో ఏం చేశారు?”

“నువ్వే కదా అన్నావు! ఇక నా వల్ల కాదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి అని. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.”

“అన్నాను. మూడో మజిలీలో నేనేమన్నా వినొద్దని ముందురోజు ఇదే బల్ల దగ్గర కూచుని కూడా అన్నాను. రెండూ నా నోటి మాటలే. మీకు ఒకటే వినిపించింది.”

“ఏడుస్తున్నావు నువ్వు!”

“ఏడుస్తాను. ఏడుపుకీ ఆగిపోవడానికీ ఏం సంబంధం? వెనక సీట్లో పిల్లాడు ఏడుస్తున్నాడని బస్సు ఆపేస్తానా నేను?”

ఆమె ఊళ్ళో సిటీ బస్సు నడుపుతుంది. ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు.

“నా గుండెల మీద నంబరు గుడ్డకి నాలుగు పిన్నులుంటే, నాలుగూ మీ చేత్తో తీసి, ఇక పరిగెత్తదని గుడ్డ పట్టుకెళ్ళి పందెం నడిపే ఆ విజిలాయన చేతిలో పెట్టారు. ఒక్క గట్టు ఎక్కి దిగితే అయిపోయేది. ఒక్క గట్టు!” ఆమె చింపిన కవరుని ఉండచుట్టింది. “ఏడాదంతా బస్సులో ఆ కొండవైపు మలుపు తిరిగినప్పుడల్లా ఆ గట్టే కనిపించింది నాకు.”

“పెళ్ళాం మాట వింటే తప్పు, వినకపోతే తప్పు,” అన్నాడతను సంచి పట్టీ నలుపుతూ. “ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేనెటు పోవాలి?”

“ఎటూ పోవద్దు. ఇంట్లో ఉండండి. మీకు నామీద జాలి ఎక్కువ. నాకు రేపు జాలిపడేవాళ్ళు వద్దు.”

పెద్ద సిస్టర్ నడుం మీద చేతులు వేసుకుంది.

“అంటే ఏంటి? నేను రాతిగుండెదాన్నా?”

“అవునత్తయ్యా.”

కింద బేకరీలో ఎవరో ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఆ చప్పుడు మేడ మీదికి వినిపిస్తోంది.

“నాకు మోచెయ్యి విరిగినప్పుడు మీరు వచ్చి చూసి ఏమన్నారో గుర్తుందా?” అంది కోడలు మెల్లగా. “రెండోది బాగానే ఉందిగా అన్నారు.”

“బాగానే ఉందిగా మరి!”

“అదే. రేపు నాకు ఆ మాటే కావాలి.”

పెద్ద సిస్టర్ కొడుకుని చూసింది, కోడల్ని చూసింది, పసుపు పట్టీని అందుకుని చేతికి చుట్టి చూసుకుంది. వదులుగా ఉంది. మెడలోని గొలుసుకున్న పిన్నీసు తీసి బిగించుకుంది. ఉద్యోగం మానేశాక ఆవిణ్ణి ఎవరైనా ఒక పనికి రమ్మనడం అదే మొదటిసారని ఆ క్షణంలో కొడుక్కి తట్టింది.

“పొద్దున్నే ఎప్పుడు లేవాలి?” అందావిడ.

“అమ్మా, నువ్వు కూడానా!”

“నువ్వుండరా. కారు నడిపేదెవరు? నాకు రాదు. ఆ పిల్ల పరిగెత్తాలి. వీడు డ్రైవరుగా వస్తాడమ్మా. తాడు దాటడు. ఏరా?”

“దాటను.”

“నోరు?” అంది భార్య.

“నోరూ దాటదు.”

ఆ సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చుని, ఎదురుగా స్టూలు మీద కాళ్ళు చాపి, తన వేళ్ళకు తనే పట్టీలు చుట్టుకుంది. ఏటా అతను చేసే పని. చిటికెన వేలి దగ్గర పట్టీ ముడత పడకుండా ఎటునుంచి ఎటు తిప్పాలో అతనికి తెలుసు. ఆమెకు తెలియదు. రెండుసార్లు ఊడదీసి మళ్ళీ చుట్టింది. అతను కత్తెర అందించాడు. ఆమె తల ఎత్తకుండా తీసుకుంది.

మూడోసారి కూడా ముడత పడింది. ఆమె అలాగే వదిలేసింది. అతను చూస్తూ ఊరుకున్నాడు.

* * *

మొదటి మజిలీలోనే పెద్ద సిస్టర్ వార్డు తెరిచింది.

రోడ్డు కొండవైపు మలుపు తిరిగేచోట ఒక టెంటు, చుట్టూ తాడు, లోపల బల్లలు, కుర్చీలు. ఆవిడ వెళ్ళగానే చేసిన పని తమ వంతు కుర్చీని మడిచి తాడు ఇవతల కొడుకు చేతికి ఇవ్వడం.

“కుర్చీ వద్దాండీ?” అంది పక్క బల్ల దగ్గరున్న లెక్కల టీచరు. ఆవిడ భర్త కూడా పందెంలో ఉన్నాడు.

“కూచున్న పేషెంటు పడుకుంటానంటాడు. నిలబడే తాగాలి.”

కోడలు వచ్చింది. చెమటతో మొహం నిగనిగలాడుతోంది. అత్తగారు బాగున్నావా అని అడగలేదు.

“నాలుక చాపు. నీళ్ళు తాగావా?”

“తాగానత్తయ్యా.”

“అబద్ధం. తాగు. ఇప్పుడు ఈ దుంప తిను. నమిలి తిను, ఎవరూ లాక్కోరు. అయిందా? నడు.”

“ఇంకొక్క నిమిషం...”

“నిమిషాలు పందెం అయ్యాక లెక్కపెట్టుకో. నడు!”

కోడలు నవ్వుకుంటూ పరిగెత్తింది. వెనక నిలబడ్డ ఇద్దరు పొడుగాటి మగవాళ్ళు తమకు తెలియకుండానే నాలుకలు చాపారు. మెడలో విజిల్ వేసుకుని తిరుగుతున్న నిర్వాహకుడు, “అమ్మా, మీరు మీ మనిషినే చూసుకోవాలి,” అనబోయాడు. పెద్ద సిస్టర్ ఆయన మొహం వంక చూసి, “మీరు రాత్రి నిద్రపోలేదు కదూ? కళ్ళు చూడండి ఎలా ఉన్నాయో,” అంది. విజిలాయన కళ్ళు తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

“వచ్చే ఏడు మీ అమ్మగారిని మాకు అరువిస్తారా?” అంది లెక్కల టీచరు, తాడు ఇవతల కుర్చీ పట్టుకుని నిలబడ్డ అతనితో.

“ఈ ఏడు నాకే ఇవ్వలేదండీ,” అన్నాడతను.

రెండో మజిలీలో భార్య ఇంకా బాగుంది. పోయినేటి కన్నా ముందే వచ్చింది. అత్తాకోడళ్ళు ఏదో అనుకుని నవ్వుకున్నారు. అతనివైపు ఎవరూ చూడలేదు. అతను కారు వెనక సీటు దులిపి, దిండు సర్ది, దుప్పటి మడత మార్చాడు. ఎందుకు సర్దుతున్నాడో తననెవరైనా అడిగితే ఏం చెప్పాలో అతనికి తెలియదు. ఎవరూ అడగలేదు.

మూడో మజిలీకి ఆమె రావలసిన వేళకు రాలేదు.

కొండ మీద పొద్దున కాస్త జల్లు పడిందనీ, దిగుడు జారుతోందనీ వచ్చినవాళ్ళు చెప్పారు. లెక్కల టీచరు భర్త వచ్చాడు, తాగాడు, వెళ్ళాడు. ఎండ పక్కకు వాలింది. పెద్ద సిస్టర్ సామాను మూడుసార్లు సర్దింది.

అతను ముందు ఆమె అడుగుల చప్పుడు విన్నాడు. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా. తర్వాత చెట్ల మధ్యనుంచి మనిషి కనిపించింది. మోకాళ్ళ దాకా బురద. మొహంలో రంగు లేదు.

తాడు దాటి లోపలికి వచ్చి, కుర్చీ లేకపోవడంతో నేల మీదే కూలబడింది.

“ఇక నా వల్ల కాదు అత్తయ్యా. ఇంటికి తీసుకెళ్ళిపోండి.”

అవే మాటలు. అదే చోటు.

పెద్ద సిస్టర్ మోకాళ్ళ మీద కూర్చుంది. మణికట్టు పట్టుకుని వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది. కంటి రెప్ప కిందికి లాగి చూసింది. “ఇదెవరు?” అని కొడుకువైపు వేలు చూపించింది. “మీ అబ్బాయి,” అంది కోడలు. “ఎన్ని బస్టాపులు మీ రూట్లో?” కోడలు చెప్పింది. తర్వాత ఆవిడ బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది, పట్టీలు విప్పింది.

అతను ఉన్నచోటునుంచే చూశాడు. చిటికెన వేలి గోరు లేదు. మడమ మీద చర్మం చినిగి ఎర్రగా ఉంది. ముడత పడ్డ చోట పట్టీ మాంసంలోకి కోసుకుపోయింది.

నాలుగడుగుల దూరంలో తెల్లటోపీ డాక్టరు కాళ్ళు చాపుకుని ఏదో తాగుతున్నాడు. అమ్మ ఆయన్ని పిలవలేదు. అంటే నాడి బాగుంది. ఎముక బాగుంది. మతి బాగుంది. ఏ మాత్రం తేడా ఉన్నా అమ్మ ఆ మనిషిని కాలర్ పట్టుకుని లాక్కొచ్చేది. ఇవి గాయాలు, అంతే. నొప్పి, అంతే.

అంతే అనుకోగానే అతనికే ఆశ్చర్యం వేసింది. పోయినేడు ఈ లెక్క అతనికి తోచలేదు.

పెద్ద సిస్టర్ సీసాలో నీళ్ళతో ఆ పాదాలు కడుగుతోంది. సర్వీసులో ఎన్ని గాయాలు కడిగి ఉంటుందో. అయినా ఇప్పుడు సీసా మూతి పక్కకు పోయి నీళ్ళు నేల పాలయ్యాయి.

“చాలు తల్లీ,” అంది ఆవిడ. “చాలు. ఎవరికోసమే ఇదంతా?”

తల్లీ! ఆ మాట ఆవిడ నోట కోడలు ఏనాడూ విని ఉండదు. కన్నకొడుకు తనే అలాంటి ముద్దుమాట వినలేదు.

అతను తల్లి మొహం చూశాడు. ఆ మొహం అతనికి బాగా తెలుసు. పోయినేడు ఇదే చోట తను పెట్టుకున్న మొహం అది.

ఆవిడ చెయ్యి కోడలి గుండెల మీది నంబరు గుడ్డ మీదకు వెళ్ళింది. మొదటి పిన్ను ఊడింది.

భార్య తాడు మీదుగా ఇటు చూసింది. అతన్ని కాదు. అతని వెనక, చెట్టు నీడలో తలుపు తెరిచి ఉన్న కారుని. లోపల దిండుంది, దుప్పటి ఉంది. ఎండలో నడిచి వచ్చినవాళ్ళు మంచినీళ్ళ కుండకేసి చూసినట్టు చూసింది.

అతను నోరు తెరిచాడు. తెరవగానే తెలిసింది, ఆ నోటినుంచి వచ్చే మాట ఏంటో. ‘వచ్చెయ్’ అనే వస్తుంది. ఎంత గట్టిగా ‘వెళ్ళు’ అందామనుకున్నా ‘వచ్చెయ్’ అనే వస్తుంది. తన నోటిని తను నమ్మలేడు. మూసుకున్నాడు.

రెండో పిన్ను ఊడింది.

అతను వెనక్కి తిరిగాడు. కారు దగ్గరికి నడిచాడు. వెనక తలుపు మూశాడు. ముందు తలుపు తీసి కూర్చుని తాళం తిప్పాడు.

“ఒరేయ్!” తల్లి గొంతు. “ఒరేయ్, ఎక్కడికిరా?”

అతను బండి రోడ్డెక్కించాడు. అద్దంలో ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు, ఒకరు నేల మీద, ఒకరు మోకాళ్ళ మీద. పక్కన లెక్కల టీచరు బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. మలుపు రాగానే అద్దంలో కొండ ఒక్కటే మిగిలింది.

* * *

దారిలో రెండుసార్లు బండి పక్కకు ఆపాడు. రెండుసార్లూ స్టీరింగు వెనక్కి తిప్పబోయాడు. పిండి పిసికి బండబారిన చేతులు, ఒక చక్రాన్ని తిప్పలేకపోయాయి.

నేనేం చేశాను? కాళ్ళు చితికిన పెళ్ళాన్నీ, కన్నతల్లినీ కొండ మీద వదిలేసి పారిపోయాను. ఇంకో ఆడదాని మొగుడు ఈ పని చేశాడని వింటే నేనే వాడికి రొట్టె అమ్మడం మానేసేవాణ్ణి.

కొండ కింద మైదానంలో పందెం ముగిసేచోటు. వెదురు బొంగులతో గేటు కట్టి, పక్కన ఒక ఇత్తడి గంట వేలాడదీశారు. పొద్దు గట్టు వెనక్కి దిగగానే గంట కొడతారు. గంట తర్వాత దాటినవాళ్ళు వచ్చినట్టు కాదు. ఇక్కడా ఒక తాడు ఉంది. అతను ఇవతలే నిలబడ్డాడు.

ఇంతలో లెక్కల టీచరు తన కారులో వచ్చింది. భర్త అప్పటికే చేరి గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన్ని ఒకసారి కాలితో కదిపి చూసి, బతికే ఉన్నాడని తేల్చుకుని, ఇతని దగ్గరికి వచ్చింది.

“మీకు ఎన్ని గుండెలండీ?” అంది.

“ఏమైంది? ఏం చేస్తోంది?”

“నేను బయల్దేరేటప్పటికి మీ ఆవిడ లేచి నిలబడింది. ఒక కాలికి బూటు వేసుకుంది.”

“రెండోది?”

“చేతిలో ఉంది. మీరు కనపడితే విసరడానికనుకుంటా.”

“అమ్మ?”

“ఆవిడ సంగతి అడక్కండి. ఆ మాటలు నేను బళ్ళో పాఠం చెప్పే నోటితో చెప్పలేను.”

ఆగిపోయినవాళ్ళని ఎక్కించుకుని తెచ్చే వ్యాను వచ్చింది. అతను దాని తలుపువైపే చూశాడు. ఒకరి తర్వాత ఒకరు దిగారు. భుజాల మీద దుప్పట్లు, చేతుల్లో బూట్లు, దించుకున్న తలలు. చివరిగా ఒక లావుపాటి ఆయన దిగి తలుపు మూశాడు. ఆమె లేదు. తల్లీ లేదు.

ఉంటే ఒక బాధ. లేకపోతే ఇంకో బాధ. గట్టు మీద ఆ జారుడు రాళ్ళలో ఆ పాదాలతో ఎక్కడుందో. తను లేడు, తను పంపిన దుంప కూడా తిన్నదో లేదో.

పొద్దు గట్టు అంచుకు ఆనింది. గంట దగ్గర విజిలాయన కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

“అదిగో!” అంది లెక్కల టీచరు.

దిగుడు మీద ఒక చిన్న మనిషి. కుంటుతోంది. కుంటుతూనే పరిగెత్తుతోంది. బస్సు మలుపు తిప్పినట్టు ప్రతి వంకనీ ఒడుపుగా తిప్పుతూ, ఎక్కడా ఆగకుండా దిగుతోంది. గుండెల మీద నంబరు గుడ్డ మూల ఊడి, గాలికి రెపరెపలాడుతోంది.

గడ్డిలో పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు నిలబడ్డారు. ఎవరో ఈల వేశారు. ఎవరో “వచ్చెయ్ తల్లీ, వచ్చెయ్!” అని అరిచారు. వ్యానులో వచ్చిన దుప్పట్లవాళ్ళు కూడా తలలెత్తి అరవసాగారు. మైదానమంతా ఒక్క గొంతైంది. అతనికి మాత్రం చప్పట్లు కొట్టాలని కూడా తోచలేదు. తాడు పట్టుకుని నిలబడిపోయాడు.

పొద్దు సగం దిగింది. విజిలాయన కర్ర ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, ఆమెనూ గట్టునూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆమె మైదానంలోకి వచ్చింది. గడ్డి మీద కాలు పడగానే తూలింది. జనమంతా ఒక్కసారిగా ‘అయ్యో’ అన్నారు. పడలేదు. నిలదొక్కుకుంది. మొహం చిట్లించి, పళ్ళు బిగించి, రెండు చేతులూ గుప్పిళ్ళు చేసి గేటు కింద నుంచి దూసుకుపోయింది.

ఆమె దాటాక గంట మోగింది.

ఎవరో ఆమె మెడలో పతకం వేశారు. ఎవరో దుప్పటి కప్పబోయారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. జనంలో దేనికోసమో వెతుక్కుంది. దొరికింది. కుంటుకుంటూ నేరుగా తాడు దగ్గరికి వచ్చింది.

అతను ఒక అడుగు వెనక్కి వెయ్యాలనుకున్నాడు. వెయ్యలేదు.

ఆమె తాడు ఎత్తి, తల వంచి ఇవతలికి వచ్చింది. ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది.

“తాళాలు.”

అతను కారు తాళాలు ఆ చేతిలో పెట్టాడు.

“ఇంకెక్కడికీ పోలేరుగా?”

“పోలేను.”

“మీ అమ్మ ఏమన్నారో తెలుసా? వీడు నాకు పుట్టలేదు, ఆసుపత్రిలో మారిపోయి ఉంటాడు అన్నారు.” ఆమె ఆయాసంతో ఆగి ఆగి మాట్లాడుతోంది. “నేను ఆ గట్టంతా మిమ్మల్ని తిట్టుకుంటూ ఎక్కాను. తిట్లు అయిపోయేసరికి గట్టు అయిపోయింది. దిగుడంతా కొత్త తిట్లు వెతుక్కుంటూ దిగాను. మా డిపోలో డ్రైవర్లకి కూడా రావు అలాంటివి.”

“నొప్పి...”

“ఆ మాట అన్నారంటే చంపుతాను.”

“అనలేదు.”

“బుద్ధున్న మనిషెవడైనా కారు తీసుకుని పోతాడా?”

“పోడు.”

“మరి మీరెందుకు పోయారు?”

“ఉంటే రమ్మనేవాణ్ణి,” అన్నాడతను.

ఆమె అతని వంక చూసింది. మొహమంతా బురద. ఆ బురదలో కళ్ళనుంచి రెండు చారలు దిగాయి. అంతలోనే నవ్వొచ్చింది. నవ్వుతూ, ఏడుస్తూ, నిలబడలేక తల అతని భుజానికి ఆనించింది. ఈ రెంటిలో దేనికి ఆమెను ఊరడించాలో తెలియక అతను ఊరికే నిలబడ్డాడు. ఊరికే నిలబడటమే ఆమెకు కావలసిందని కాసేపటికి తెలిసింది.

“అన్నట్టు మీ అమ్మగారు...” అని మొదలుపెట్టి ఆమె తల ఎత్తింది. “అత్తయ్యేరీ? వ్యానులో రాలేదూ?”

“వ్యానులో లేదు. నీతో ఉందనుకున్నాను.”

“నాతోనా? ఆ గట్టు మీద?”

ఇద్దరూ విజిలాయన దగ్గరికి నడిచారు. ఆయన వీళ్ళని చూడగానే చేతిలో వాకీటాకీ వెనక దాచుకోబోయాడు.

“మా తప్పేం లేదండీ. వ్యాను ఎక్కమని మావాళ్ళు బతిమాలారు. ఎక్కనన్నారు.”

“ఎక్కకపోతే ఎలా వస్తుంది?” అన్నాడతను.

“నడిచి. కోడలు వెళ్ళిన దారినే. అందరికన్నా వెనక మావాళ్ళు దారి చూసుకుంటూ వస్తారు కదండీ, వాళ్ళతో కలిసి బయల్దేరారు. ‘నా కోడలు ఏడాదంతా దేనికోసం పోతోందో నేనూ చూసే వస్తా’ అన్నారట. గట్టెక్కేశారు కూడా. మావాళ్ళే వెనకబడ్డారు. ఆగినప్పుడల్లా నాలుక చాపమంటున్నారట.”

“ఈ వయసులోనా! ఆ మోకాళ్ళతోనా!”

“రెండోది బాగానే ఉందన్నారండీ.”

వాకీటాకీ గరగరలాడింది. విజిలాయన దాన్ని ముందుకు తెచ్చాడు. మొదట గాలి, రాళ్ళ మీద అడుగులు, ఎవరిదో ఆయాసం. ఆ తర్వాత వార్డులన్నీ హడలిపోయిన ఆ గొంతు:

“ఏమయ్యా, మా అమ్మాయి అందుకుందా?”

“అందుకున్నారమ్మా. గంటకి ముందే.”

అవతల కొండ మీద గాలి మాత్రం వినిపించింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వినిపించిందని లెక్కల టీచరు తర్వాత చెప్పింది గాని, ఆ మాట పెద్ద సిస్టర్ ముందు అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

“వాడున్నాడా అక్కడ?”

విజిలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. “ఉన్నారమ్మా.”

“కదలొద్దని చెప్పు. వస్తున్నా.”

అతను భార్యవైపు తిరిగాడు. ఆమె కారు తాళాలు గుప్పిట్లో బిగించి, కొండవైపు చూస్తూ గడ్డిలో తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చుంది.